బిల్లు ఒక దారి, పుస్తకం ఒక దారి

సాలార్‌జంగ్ మ్యూజియం చూసొచ్చినవాళ్లు మేలిముసుగు రెబెకా గురించి చెబుతారు, గంటగంటకూ బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం గురించి చెబుతారు. అక్కడొక లైబ్రరీ ఉందనీ, అందులో ఎనిమిది వేలకు పైగా రాతప్రతులున్నాయనీ చెప్పేవాళ్లు అరుదు. వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ చూసొచ్చే మన ఎన్నారైలదీ అదే వరస. హోప్ వజ్రం, రైట్ సోదరుల విమానం, చంద్రుడి మీది రాయి చూసి ఫొటోలు దిగి వస్తారు. ఆ మ్యూజియాల వెనక 21 శాఖల గ్రంథాలయం, దానితో కలిసిపోయిన ఆర్కైవ్స్ ఉన్నాయని గైడు కూడా చెప్పడు. ఎవరూ చూడని ఆ గదుల కోసం ఏటా ప్రజల డబ్బు ఖర్చవుతుంది. పుస్తకాలు కొంటారు, జర్నల్స్‌కు చందా కడతారు, బైండింగు చేయిస్తారు, స్కానింగు ఎవరికో అప్పగిస్తారు. ఆ ఖర్చును రెండు దేశాలు ఎలా రాసుకుంటున్నాయో, రాసుకున్నదాన్ని జనానికి ఎంతవరకు చూపిస్తున్నాయో పక్కపక్కన పెట్టి చదవడం ఈ వ్యాసం పని.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. అమెరికా లెక్క డబ్బు వెంట నడిచి సప్లయర్ గుమ్మం దాకా వెళ్లి ఆగిపోతుంది. మన లెక్క పుస్తకం వెంట నడిచి బీరువా అర దాకా వెళ్లి, రిజిస్టరు మూసేస్తుంది. డబ్బు ఎవరికి వెళ్లిందో అక్కడ తెలుస్తుంది, ఏ పుస్తకం వచ్చిందో తెలియదు. ఏ పుస్తకం వచ్చిందో ఇక్కడ రాసి ఉంటుంది, కానీ ఆ రాత ఆఫీసు దాటి బయటికి రాదు. రెండింటిలో ఏది మేలన్న ప్రశ్న కన్నా, ఈ రెండు దారులూ కలవాల్సిన చోటు ఏదన్న ప్రశ్నే ముఖ్యం.

పరిమాణంలో ఈ రెండు సంస్థలకూ పోలిక లేదు. స్మిత్సోనియన్‌కు అమెరికా కాంగ్రెసు ఏటా ఇచ్చే నిధులే వంద కోట్ల డాలర్ల పైమాట. సాలార్‌జంగ్ మ్యూజియం కేంద్ర సాంస్కృతిక శాఖ గ్రాంటు మీద నడిచే స్వయంప్రతిపత్తి సంస్థ. కాబట్టి అంకెకు అంకె పోల్చడం అన్యాయం. పుట్టుకలో మాత్రం పోలిక గట్టిగా ఉంది. జేమ్స్ స్మిత్సన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, ఏనాడూ అమెరికాలో కాలు పెట్టనివాడు, తన ఆస్తిని ఆ దేశానికి రాసిచ్చి 1829లో కన్నుమూశాడు. ఆ సొమ్ము మీద 1846లో కాంగ్రెసు చట్టం చేసి స్మిత్సోనియన్‌ను నిలబెట్టింది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో సంతానం లేకుండా పోతే, ఆయన పోగేసినదంతా 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో మ్యూజియంగా తెరుచుకుంది. 1961లో పార్లమెంటు చట్టం దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థను చేసింది. రెండూ ఒక మనిషి సొత్తుతో మొదలై చట్టంతో ప్రజల సొత్తయ్యాయి. అందుకే రెండు చోట్లా లైబ్రరీలో విలువైన భాగం ప్రభుత్వం కొన్నది కాదు. అక్కడి డిబ్నర్ లైబ్రరీలోని శాస్త్ర గ్రంథాలకు మూలం 1970లలో బెర్న్ డిబ్నర్ ఇచ్చిన కానుక. ఇక్కడి అరబ్బీ, పార్సీ, ఉర్దూ రాతప్రతుల్లో ఎక్కువ భాగం నవాబుల ఇంటి నుంచి వచ్చినవే. కానుకకు కాంట్రాక్టు ఉండదు, బిల్లు ఉండదు. కాబట్టి ఖర్చు లెక్కలు మాత్రమే చూసి ఒక లైబ్రరీ విలువ తేల్చాలనుకునేవాడు మొదటి మెట్టు దగ్గరే తప్పటడుగు వేస్తాడు. వచ్చినదాన్ని కాపాడేందుకు ఎంత ఖర్చు పెడుతున్నారన్నదే అసలు చూడాల్సింది.

ఇక వాషింగ్టన్ లెక్క. 2006లో అమెరికా ఒక చట్టం చేసింది. ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే ప్రతి గ్రాంటూ, ప్రతి కాంట్రాక్టూ జనం వెతికి చూసుకునేలా ఒక్కచోట పెట్టాలన్నది దాని సారాంశం. యూఎస్ఏస్పెండింగ్ అన్న వెబ్‌సైటు మరుసటి ఏడాది అలా పుట్టింది. సమాచారమంతా ఒకే ప్రమాణంలో ఉండాలని 2014లో ఇంకో చట్టం వచ్చింది. ఆ వెబ్‌సైటు పట్టికలో ఒక వరుస తీసి చూస్తే ముచ్చటేస్తుంది. సప్లయర్ పేరు, అతని గుర్తింపు సంఖ్య, ఒప్పందం తేదీ, గడువు, మొత్తం, తర్వాత చేసిన మార్పులు ఒక్కొక్కటీ విడివిడిగా ఉంటాయి. ఎన్ని ఆఫర్లు వచ్చాయో, పోటీ జరిగిందో లేదో ఉంటుంది. సంతకం పెట్టిన ఆఫీసు ఒక గడిలో, ఎవరి బడ్జెట్లోంచి డబ్బు కదిలిందో ఆ ఆఫీసు ఇంకో గడిలో ఉంటాయి. కొన్న వస్తువుకో కోడు: పుస్తకాలూ కరపత్రాలూ అయితే 7610, పత్రికలూ జర్నల్సూ అయితే 7630, గ్రంథాలయ సేవలైతే ఆర్605. ఈ కోడుతో, ఆ ఆఫీసు పేరుతో జల్లెడ పడితే ఒక మ్యూజియం లైబ్రరీ పెద్ద కొనుగోళ్లన్నీ ఒక పట్టికలా దిగుతాయి. మన సమాచార హక్కు దరఖాస్తు లాంటిది అక్కర్లేదు, పది రూపాయల పోస్టల్ ఆర్డరు అక్కర్లేదు, ముప్పై రోజులు ఆగక్కర్లేదు.

ఇంత చెప్పిన వరుస ఒక్క విషయం మాత్రం చెప్పదు: ఏం కొన్నారో. వివరణ గడిలో చాలాచోట్ల రెండు మూడు ముక్కలే ఉంటాయి. కొన్నేళ్ల పాటు సేవల కాంట్రాక్టుల వివరణకు ముందు ఐజీఎఫ్::ఓటీ::ఐజీఎఫ్ అన్న గుర్తు తగిలించారు. ఈ పని ప్రభుత్వమే స్వయంగా చేయాల్సినంత కీలకమైనది కాదు అని ఆఫీసు వాళ్లు తమలో తాము చెప్పుకునే సంకేతం అది. పన్ను కట్టేవాడికి అది బ్రహ్మలిపి. 7610 అన్న కోడు కింద వచ్చినది పద్దెనిమిదో శతాబ్దపు వృక్షశాస్త్ర గ్రంథమా, ఈ ఏటి డైరెక్టరీయా అన్నది ఆ పట్టికలో ఎంత తవ్వినా దొరకదు. ఇక మొత్తం అన్న గడి. అది చేతికిచ్చిన డబ్బు కాదు, ఇస్తామని కట్టుబడిన డబ్బు. కట్టుబాటు రద్దయితే అదే పట్టికలో మైనస్ గుర్తుతో ఇంకో వరుస దిగుతుంది. ఒప్పందం గరిష్ఠ పరిమితి వేరే అంకె. ఈ మూడింటికీ తేడా తెలియనివాడి చేతిలో పడితే ఆ పట్టిక ప్రమాదం.

ప్రమాదం ఊహ కాదు, 2025 ఫిబ్రవరిలో జరిగింది. పొలిటికో అన్న వార్తాసంస్థకు అమెరికా ప్రభుత్వం 80 లక్షల డాలర్లకు పైగా ముట్టజెప్పిందని, అదంతా విదేశీ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్ చాటుగా పోసిన సొమ్మని సోషల్ మీడియాలో హోరెత్తింది. పట్టిక తెరిచి చూస్తే అవన్నీ అనేక శాఖలు కట్టిన వృత్తిపరమైన చందాలు. యూఎస్‌ఎయిడ్ కట్టినది రెండేళ్లకు కలిపి 44 వేల డాలర్లు. అదే నెలలో ఖర్చుల కోత కోసం పెట్టిన డోజ్ బృందం, 80 లక్షల డాలర్ల కాంట్రాక్టును 800 కోట్ల డాలర్లుగా చూపి అంత ఆదా చేశామని ప్రకటించుకుంది. చందా కట్టడం ఏ లైబ్రరీకైనా నిత్యకృత్యం. దాన్ని ముడుపుగా చదవడం ఎంత సులువో అప్పుడు తెలిసింది. పోటీ జరగలేదు అన్న గడి ఇంకా పెద్ద ఉచ్చు. ఒక జర్నల్‌ను అచ్చువేసేది ఒక్కడే అయినప్పుడు టెండరు పిలిచి ఏం లాభం? అతని దగ్గరే కొనాలి, అక్కడి నిబంధనలు అందుకు దారి ఇస్తాయి. లైబ్రరీ పట్టికలో పోటీ లేని వరుసలు ఎక్కువ ఉండటం అవినీతికి గుర్తు కాదు, ప్రచురణ వ్యాపారం ఎవరి గుప్పిట్లో ఉందో చెప్పే గుర్తు. దారుణం ఏదైనా ఉంటే అది ఏటేటా పెరిగే చందాలో ఉంది. ఆ పెరుగుదలను ఏ గడీ ఎత్తి చూపదు.

ఇప్పుడు మన వైపు చూద్దాం. కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లకు మూలగ్రంథం 2017 నాటి సాధారణ ఆర్థిక నిబంధనలు. సొంత నిబంధనలకు ప్రభుత్వ ఆమోదం ఉంటే తప్ప స్వయంప్రతిపత్తి సంస్థలకూ అవే వర్తిస్తాయి. అందులో 143వ నిబంధన సరుకు అంటే ఏమిటో నిర్వచిస్తూ చాంతాడంత జాబితా చెప్పి, చివర ఒక మినహాయింపు పెట్టింది: గ్రంథాలయం కోసం కొనే పుస్తకాలు, ప్రచురణలు, పత్రికలు సరుకు కిందికి రావు. వాషింగ్టన్ పుస్తకానికి కోడు ఇచ్చి కుర్చీలతో, కంప్యూటర్లతో పాటు వరుసలో నిలబెడితే, ఢిల్లీ పుస్తకాన్ని వరుసలోంచే తప్పించింది. ఇందులో వివేకం ఉంది. తక్కువ ధర కోట్ చేసినవాడికే ఆర్డరన్న ఎల్-1 సూత్రం పుస్తకాల ఎంపికకు పెడితే లైబ్రరీ గైడ్లతో, కుంజీలతో నిండిపోతుంది. ఏ పుస్తకం కావాలో కమిటీ తేల్చాలి, ధర మీద తగ్గింపు ఎంతో సప్లయర్‌తో మాట్లాడుకోవాలి. విదేశీ పుస్తకమైతే డాలరుకు ఎన్ని రూపాయలన్నదానికి పుస్తక వ్యాపారుల గుడ్ ఆఫీసెస్ కమిటీ రేట్లు చూసుకోవాలి. మన లైబ్రరీల్లో జీఓసీ రేట్లు అని అందరూ అనేది వాటినే. నష్టం కూడా ఆ మినహాయింపులోనే ఉంది. సరుకు కానిదానికి టెండరు నోటీసు ఉండాల్సిన పని లేదు. నోటీసు లేనిది జనం కంట పడదు.

కంట పడని చోట మనవాళ్లు కట్టిన కట్టుదిట్టం మాత్రం తక్కువది కాదు. ఏ ప్రభుత్వ లైబ్రరీలోనైనా పుస్తకాల బిల్లు తిరగేసి చూస్తే వెనక ఒక ముద్ర కనిపిస్తుంది. ఈ బిల్లులోని పుస్తకాలు అక్సెషన్ రిజిస్టరులో ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరు దాకా ఎక్కించామని రాసి, లైబ్రేరియన్ సంతకం చేస్తారు. ఆ ముద్ర లేనిదే అకౌంట్స్ సెక్షన్ బిల్లు పాస్ చేయదు. రిజిస్టరు తెరిస్తే ఎడమ నుంచి కుడికి తేదీ, నంబరు, రచయిత, పేరు, ప్రచురణకర్త, ఏడాది, పేజీలు, ఎవరి దగ్గర కొన్నారు, బిల్లు నంబరు, ధర. చివర రిమార్కుల గడి, పుస్తకం పోతే ఎర్ర సిరాతో నింపడానికి. అమెరికా పట్టికలో ఎంత తవ్వినా దొరకని జవాబు ఈ రిజిస్టరులో వేలు పెట్టి చూపించవచ్చు: ఈ రూపాయికి ఈ పుస్తకం.

పుస్తకం లోపలికి వచ్చాక కూడా నిబంధన దాన్ని వదలదు. 215వ నిబంధన ప్రకారం 20 వేల సంపుటాల లోపు లైబ్రరీలో ఏటా ప్రతి పుస్తకాన్నీ సరిచూడాలి. 20 వేల నుంచి 50 వేల దాకా ఉంటే కనీసం మూడేళ్లకోసారి. 50 వేలు దాటితే నమూనా తనిఖీ చాలు, అందులో తేడాలు ఎక్కువగా బయటపడితే మొత్తం లెక్కపెట్టాలి. వెయ్యి సంపుటాలు పాఠకుల చేతికి వెళ్తే ఏడాదికి ఐదు పోవడం సహజమే, మోసమో నిర్లక్ష్యమో లేకపోతే క్షమించవచ్చు అంటుంది. కానీ వెయ్యి రూపాయలకు మించిన పుస్తకం పోయినా, అరుదైన పుస్తకం ఏ ధరదైనా పోయినా విచారణ తప్పదంటుంది. చదివేవాళ్ల మీద ఇంత దయ, పుస్తకం మీద ఇంత పట్టింపు ఒకే నిబంధనలో చూడటం సంతోషంగా ఉంటుంది. అయితే ఇక్కడొక మెలిక ఉంది. సాలార్‌జంగ్ లైబ్రరీలో అచ్చు పుస్తకాలు 60 వేలకు పైనే. అంటే పెద్ద సేకరణ కాబట్టి నమూనా చూస్తే చాలన్న మూడో తరగతిలోకి వస్తుంది. ఏ లైబ్రరీలో ప్రతి పుస్తకాన్నీ తడిమి చూడటం ఎక్కువ అవసరమో, దానికే నిబంధన వెసులుబాటు ఇచ్చింది.

జనానికి చూపించే విషయంలో చట్టమూ ఆచరణా రెండు దేశాల్లోనూ తలకిందులుగా ఉన్నాయి. అమెరికా సమాచార హక్కు చట్టం స్మిత్సోనియన్‌కు వర్తించదు. అది ట్రస్టు స్వభావమున్న సంస్థ, మామూలు ప్రభుత్వ శాఖ కాదన్నది అక్కడి వాదన. ఆ చట్టం స్ఫూర్తిని తన సొంత విధానంగా పాటిస్తానంటుంది, అంతే. అయినా దాని ఫెడరల్ కాంట్రాక్టులు అడగకుండానే పట్టికలో కనిపిస్తాయి. సాలార్‌జంగ్‌కు మన 2005 సమాచార హక్కు చట్టం పూర్తిగా వర్తిస్తుంది. నాలుగో సెక్షన్ ప్రకారం అడగకముందే బడ్జెట్టు, ఖర్చులు బయటపెట్టాలి. కొనుగోళ్లలో ఆర్డరు ఎవరికి, ఏ ధరకు ఇచ్చారో కూడా ప్రకటించాలని 2013లో కేంద్ర సిబ్బంది శాఖ మార్గదర్శకాలు చెప్పాయి. టెండర్లకు కేంద్ర కొనుగోళ్ల పోర్టల్ ఉంది, సరుకులకూ సేవలకూ 2016 నుంచి జెమ్ అనే ప్రభుత్వ ఈ-మార్కెట్ ఉంది. ఆడిట్ చేసిన లెక్కలు, వార్షిక నివేదిక పార్లమెంటు ముందుకు వస్తాయి. ఇన్ని తలుపులున్నా లైబ్రరీ ఒక్కదాని ఖర్చు ఏ తలుపు లోంచీ విడిగా కనిపించదు. జెమ్‌లో సెక్యూరిటీ గార్డుల కాంట్రాక్టు వెతకవచ్చు. వార్షిక లెక్కల్లో పుస్తకాలు అన్న పద్దు కింద ఒక మొత్తం చూడవచ్చు. ఆ మొత్తానికి వెనకున్న బిల్లులు కావాలంటే దరఖాస్తు పెట్టాలి. చట్టం బలహీనంగా ఉన్నచోట యంత్రం పని చేస్తోంది, చట్టం బలంగా ఉన్నచోట దరఖాస్తుదారుడు పని చేయాల్సి వస్తోంది.

ఈ వ్యవస్థలు దాచేవి కొన్ని ఉన్నాయి. మొదటిది చిల్లర ఖర్చు. అమెరికాలో 2025 అక్టోబరు దాకా 10 వేల డాలర్ల లోపు, ఆ తర్వాత 15 వేల డాలర్ల లోపు కొనుగోలు ప్రభుత్వ కార్డు మీద జరిగితే ఆ పెద్ద పట్టికలో విడిగా రాదు. పాత పుస్తకాలు ఒక్కొక్కటిగా కొనే లైబ్రరీకి ఆ పరిమితి చాలా ఎక్కువ. మన 2017 నిబంధనలు వచ్చినప్పుడు కొటేషన్ లేకుండా కొనగల పరిమితి 25 వేల రూపాయలు. యాసిడ్ లేని అట్టపెట్టెలు, బైండింగు బట్ట, చెదల మందు ఇలాంటివన్నీ ఈ దారిలోనే నడుస్తాయి. రెండోది ఉమ్మడి కొనుగోలు. అమెరికా ఫెడరల్ లైబ్రరీలకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నడిపే ఫెడ్‌లింక్ ఉంది, అందరి తరఫునా చందాల బేరం అదే ఆడుతుంది. మన కేంద్రం 2024 నవంబరులో వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకానికి మూడేళ్లకు 6 వేల కోట్ల రూపాయలు ఆమోదించింది. 30 మంది ప్రచురణకర్తల జర్నల్స్ దాదాపు 13 వేలు, విశ్వవిద్యాలయాలకూ పరిశోధన సంస్థలకూ అందులో అందుతాయి. కలిసి కొంటే ధర తగ్గుతుంది, నిజమే. కానీ ఒక్కో లైబ్రరీ వాటా ఎంతో, అక్కడ ఎంతమంది చదివారో కలిపి చూపకపోతే ఆ 6 వేల కోట్లూ ఒకే ముద్దగా మిగులుతాయి. మూడోది స్మిత్సోనియన్‌కే ప్రత్యేకం. దాని నిధుల్లో దాదాపు 62 శాతమే ఫెడరల్ డబ్బు. దాతల సొమ్ముతో చేసే కొనుగోళ్లు ఫెడరల్ ఖర్చు పట్టికలో వెతికేవి కావు. ఆ పట్టిక చూసి సంస్థ ఖర్చంతా ఇదేననుకుంటే మూడో వంతుకు పైగా చీకట్లోనే ఉన్నట్టు.

ఈ లోపాలన్నీ ఎక్కడ ఎక్కువ బాధిస్తాయంటే డిజిటలీకరణలో. మన కేంద్రం 2025-26 బడ్జెట్‌లో జ్ఞాన భారతం మిషన్ ప్రకటించింది. కోటికి పైగా రాతప్రతుల సర్వే, సంరక్షణ లక్ష్యంగా చెప్పింది, అంతకుముందు మూడున్నర కోట్లున్న కేటాయింపును 60 కోట్లు చేసింది. డబ్బు పెరిగింది, మంచిదే. ఇక కాంట్రాక్టులు వస్తాయి. స్కానింగు కాంట్రాక్టులో ధర పేజీకి ఇంత అని కడతారు. పేజీకి కట్టే ధర పేజీలను పెంచుతుంది తప్ప నాణ్యతను పెంచదు. వంకరగా వచ్చిన పేజీని ఎవరి ఖర్చుతో మళ్లీ తీయాలి, తాళపత్రానికీ కాగితానికీ ఒకే రేటా, బొమ్మల హక్కు ఎవరిది, పదేళ్ల తర్వాత ఆ ఫైళ్లను కాపాడేది ఎవరు అన్న ప్రశ్నలకు జవాబు ఒప్పందం షరతుల్లో ఉంటుంది. షరతుల ప్రతి రెండు దేశాల పట్టికల్లోనూ ఉండదు. స్మిత్సోనియన్ అనుభవం ఇక్కడ పాఠం. 2006లో మొదలైన బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అన్న ఆన్‌లైన్ గ్రంథాలయానికి అది దాదాపు రెండు దశాబ్దాలు ఆశ్రయమిచ్చింది, కోట్ల పేజీలు ఉచితంగా లోకానికి అందాయి. 2026 ఆరంభం నుంచి ఆ బాధ్యత తన మీద ఉండదని ప్రకటించింది. స్కానింగుకు ఎంతైందో కాంట్రాక్టు పట్టిక చెబుతుంది. స్కాన్ చేసినదాన్ని బతికించడానికి ఏటా ఎంతవుతుందో చెప్పదు.

డబ్బునూ పుస్తకాన్నీ కలిపి రాయడం కుదరని పని అంటారా? అరవై ఏళ్ల కిందటే కుదిరింది, అదీ తెలుగు పుస్తకాలతో. పబ్లిక్ లా 480 కింద అమెరికా మనకు గోధుమలు అమ్మింది, మనం రూపాయల్లో కట్టాం. ఆ రూపాయల్లో కొంత భాగంతో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962లో ఢిల్లీలో ఆఫీసు తెరిచి భారతీయ భాషల పుస్తకాలు కొని అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపింది. తెలుగు నవలలు, కవిత్వం, విమర్శ అక్కడి బీరువాల్లోకి చేరింది ఆ దారినే. కొన్న పుస్తకాల జాబితాను ఆ ఆఫీసు భాషల వారీగా క్రమం తప్పకుండా అచ్చువేసింది. అంతేకాదు, క్యాటలాగ్ కార్డు మీద పీఎల్ 480 అన్న గుర్తుతో ఒక సంఖ్య పడేది. ఏ పద్దు డబ్బుతో ఆ పుస్తకం వచ్చిందో ఆ కార్డే సాక్ష్యం. కంప్యూటర్లు లేని రోజుల్లో, ఒక విదేశీ ప్రభుత్వం, మన భాష పుస్తకాలకు ఆ పని చేయగలిగింది.

నా తీర్పు ఇది. పౌరుడికి చూపించడంలో వాషింగ్టన్ పైచేయి, సందేహం లేదు. వస్తువుకు జవాబుదారీ కావడంలో మన రిజిస్టరు పద్ధతి లోతైనది, కానీ అది ఆడిటర్ కోసం రాసిన పుస్తకం, జనం కోసం కాదు. వాళ్లు చేయాల్సింది చిన్న పని: వివరణ గడిలో రెండు ముక్కల బదులు క్యాటలాగ్ నంబర్ల వరుస రాయడం, దాతల సొమ్ముతో చేసిన కొనుగోళ్లనూ అదే పట్టికలో చూపడం. మనం చేయాల్సింది ఇంకా చిన్నది, ఎందుకంటే సమాచారం ఇప్పటికే సిద్ధంగా ఉంది. అక్సెషన్ రిజిస్టరులోని గడులే, బిల్లు నంబరుతో సహా, ఏడాదికోసారి నాలుగో సెక్షన్ కింద బయటపెడితే చాలు. దానితో పాటు డిజిటలీకరణ, బైండింగు, పురుగుమందుల ఒప్పందాలు షరతులతో సహా. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త పోర్టల్ అక్కర్లేదు, లైబ్రేరియన్ ఇప్పటికే సంతకం పెట్టిన కాగితం చాలు. అడ్డం వచ్చేది ఖర్చు కాదు, అలవాటు. బిల్లు అకౌంట్స్ వాళ్లదీ, పుస్తకం లైబ్రరీ వాళ్లదీ అన్న అలవాటు. రెండూ ప్రజలవేనని ఒప్పుకున్న ఆఫీసు ఏదైనా వచ్చే వార్షిక నివేదికతోనే ఈ పని మొదలుపెట్టవచ్చు.